దళంలో మనవాడు

ఫిబ్రవరి 4

బాబాయ్,

ముందు ఆ నిచ్చెన దిగు. నిచ్చెన మీద నిలబడి ఉత్తరాలు చదివే అలవాటు నీకుందని నాకు తెలుసు. దిగావా? ఇక విను.

మా కంపెనీ కొత్త బొమ్మల పుస్తకం మొదలుపెడుతోంది. ఏడుగురు వీరుల దళం. ఒక్కో దేశం నుంచి ఒక్కొక్కరు. అందులో ఒకడు మనవాడు! మన దేశపువాడు, మన రంగువాడు, మన ముక్కువాడు.

ఈ ఆఫీసులో మన దేశపు మనిషిని నేనొక్కదాన్నే కదా, అందుకని సోమవారం సంపాదకుడు నన్నూ మీటింగుకి పిలిచాడు. నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. "మీ వాళ్ళు ఎలా ఉంటారు?" అని అడిగాడు. ఏం చెప్పమంటావు బాబాయ్ దానికి? దేశం దేశమంతా ఎలా ఉంటుందంటే ఒక్క మాటలో ఎవరు చెప్పగలరు? ఊరుకుంటే బాగుండదని నీ సంగతి చెప్పాను. కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, నిండు గర్భిణితో మీ ఆసుపత్రి లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయినప్పుడు నువ్వు డాబా మీది మెషిన్ గదిలోకెక్కి, రెండు గంటల పాటు చక్రం చేత్తో తిప్పి లిఫ్టును పైకి తెచ్చావే, ఆ సంగతి. అందరూ గబగబా రాసేసుకున్నారు. బొమ్మలాయన అక్కడికక్కడే గీశాడు. ముక్కు నీదే బాబాయ్, నేను దగ్గరుండి దిద్దించాను.

మిగతావాళ్ళని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక దేశపువాడు పొద్దస్తమానం కోపంగా ఉంటాడు, కోపమొస్తే చేతుల్లోంచి మంటలొస్తాయి. ఇంకో దేశపు ఆవిడ గడియారంలాంటి మనిషి, నవ్వదు. ఇంకొకడు తాగితే తప్ప బలం రానివాడు. మీటింగులో పగలబడి నవ్వుకున్నాం.

నా పని మాత్రం ఎప్పటిదే. రచయిత మాటలు కూర్చుతాడు, బొమ్మలాయన బొమ్మ గీస్తాడు, నేను ఆ మాటల్ని స్కేలు పెట్టి, నిబ్బుతో, బొమ్మల నోటి పక్క బుడగల్లో గుండ్రంగా దించుతాను. కామా మార్చే హక్కు కూడా నాకు లేదు. కానీ మనవాడి నోటి మాటలు నా చేత్తో రాస్తానంటే నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

వేళకి తిను. గ్రీజు చేతులతో కళ్ళు నలుపుకోకు.

నీ కందిరీగ


ఫిబ్రవరి 21

చిరంజీవి కందిరీగకు బాబాయి దీవెనలు. చేతులు కడుక్కునే రాస్తున్నాను, కాగితం వాసన చూసుకో.

నువ్వు చెప్పావని ఉత్తరం కింద కూర్చుని చదువుదామనుకున్నాను, ఆగలేకపోయాను. నిచ్చెన మీదే చదివి, అక్కణ్ణుంచే కేకేశాను. లిఫ్టు ఆపరేటరు నేనెక్కడ పడ్డానోనని పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రానికి ఆసుపత్రంతా టముకు వేసేశాను. హెడ్డు నర్సుగారికి నువ్వున్న దేశపు భాష వచ్చు, పుస్తకం రాగానే ఆవిడే చదివి పెడతానన్నారు. మా సూపరింటెండెంటు పదకొండేళ్ళలో మొదటిసారి నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదులే, ప్యాంటుకి గ్రీజు ఉంది.

ఒక దిద్దుబాటు. రెండు గంటలు కాదే తల్లీ, నలభై నిమిషాలు. పైగా నేనొక్కణ్ణే కాదు. నేను చక్రం తిప్పుతుంటే బ్రేకు మీట ఎత్తి పట్టుకున్నది ఆపరేటరు. అతను మీట వదిలేస్తే నేనెంత తిప్పినా దండగే. అతన్ని కూడా బొమ్మలో పెట్టించు, లేకపోతే నా మొహం చూడడు. ఇంకోటి. ఈ వీరులకి ఒంటికి అతుక్కుపోయే బట్టలు వేస్తారుగా, మనవాడికి వద్దు. జేబులుండాలి. స్పానరు ఎక్కడ పెట్టుకుంటాడు?

ఆ మంటలవాడి సంగతి చదివి కడుపుబ్బ నవ్వాను. ఆ దేశపువాళ్ళు కోపిష్టులని మా సూపరింటెండెంటు కూడా అంటుంటాడు.

నీకు హక్కు లేదని రాశావు. అది నీ వినయం. చిన్నప్పుడు బళ్ళో పంతులమ్మ నోరు మూయించినదానివి, నువ్వు కాదంటే వాళ్ళు ఒక్క మాట రాయగలరా?

ఇది రాస్తుంటే పిన్ని గుర్తొచ్చింది. ఈ కబురు వినుంటే ఎంత సంబరపడేదో. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. నీకెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు ఐదో అంతస్తు నుంచి ఆవిణ్ణి దించేటప్పుడు నేను స్ట్రెచర్ పక్కన లేను. భార్య పక్కన ఉండకుండా ఎక్కడికి పోయాడా అని చాలామంది అనుకున్నారు. పైన మెషిన్ గదిలో ఉన్నాను. వారం రోజులుగా ఆ లిఫ్టు మూడో అంతస్తు దగ్గర కుదుపుతోంది. పిన్నికి కుదుపు పడేది కాదు, బస్సెక్కినా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. పట్టాలకి గ్రీజు రాసి, తాళ్ళ బిగువు సరిచేసి, మోటారు దగ్గరే నిలబడ్డాను. ఐదంతస్తులూ ఒక్క కుదుపు లేకుండా దిగింది. ఆవిడకి నేను చేయగలిగింది అదొక్కటే. ఎవరికీ చెప్పుకోలేదు, నీకు రాసుకోవాలనిపించింది.

ఉంటాను. మూడో నంబరు లిఫ్టు తలుపు మూసుకోవడం లేదట, పిలుస్తున్నారు.

బాబాయి


మార్చి 12

బాబాయ్,

నీ ఉత్తరం ఇంత పని చేస్తుందని నేననుకోలేదు. వరసగా చెబుతాను.

పోయినవారం మనవాడి శక్తి ఏమిటో తేల్చారు. ఒకడికి ఎగరడం, ఒకడికి మంట, మనవాడికి ఓర్పట! ఎంత కొట్టినా పడడట. ఎంత బరువు పెట్టినా మోస్తాడట. ఎవరేమన్నా నవ్వుతూ తలూపుతాడట. దళం పెట్టెలన్నీ అతని నెత్తినే. వాళ్ళు పెట్టిన పేరు మన భాషలో చెప్పాలంటే "బరువులవాడు". మాట సరిగ్గా రాదు, ప్రతి ముక్క చివరా "అయ్యా" అంటాడు. లిఫ్టూ లేదు, స్పానరూ లేదు. నీ ముక్కు మాత్రం ఉంది.

దళానికి నాయకుడు ఎవరనుకున్నావు? వాళ్ళ దేశపువాడే. అతనికి మాత్రం ఏ లక్షణమూ అంటగట్టలేదు. ఒక ఇల్లుంది, ఒక చెల్లెలుంది, చిన్నప్పటి భయమొకటి, చేసిన తప్పొకటి ఉన్నాయి. మామూలు మనిషి. మిగతా ఆరుగురూ మనుషులు కాదు బాబాయ్, దేశాలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మీటింగులో లేచి నిలబడి, మా వాళ్ళు ఇలా మాట్లాడరు అన్నాను. "మరెలా మాట్లాడతారో చెప్పు" అన్నాడు రచయిత. అతను మంచివాడే, నిజంగానే అడిగాడు. నా సంచీలో నీ ఉత్తరం ఉంది. తీసి, అప్పటికప్పుడు వాళ్ళ భాషలోకి మార్చుకుంటూ మొదటినుంచి చివరిదాకా చదివేశాను. జేబుల దగ్గర నవ్వారు, పంతులమ్మ దగ్గర నవ్వారు. చివరికొచ్చేసరికి సంపాదకుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇలాంటి మనిషి గురించి నేనెక్కడా వినలేదు" అన్నాడు. ఉత్తరం ఒకసారి ఇమ్మంటే ఇచ్చాను. మనవాడి మాటలన్నీ మళ్ళీ రాస్తామని రచయిత మాటిచ్చాడు!

గెలిచాం బాబాయ్. ఇంకా రాయి. నీకెలా తోస్తే అలా రాయి, నేను చదివి వినిపిస్తాను.

నీ కందిరీగ


మార్చి 30

చిరంజీవి కందిరీగకు,

ఈ కాగితం మీద ఇది మూడో ప్రయత్నం. పరాయి దేశంలో పదిమంది వింటారంటే ప్రతి మాటా రెండుసార్లు చూసుకుంటున్నాను. ఈ కింది ముక్క వాళ్ళకి చదువు.

సంపాదకులవారికి నమస్కారం. లిఫ్టు మెకానిక్కును వీరుడిగా తీసుకున్నందుకు సంతోషం. మా అమ్మాయి చెబితే తెలిసింది, మావాడి శక్తి ఓర్పు అన్నారట. ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాకు తెలిసినంతవరకు ఓర్పు శక్తి కాదండీ. వేరే దారి లేనప్పుడు పడేది. లిఫ్టు ఆగిపోతే నేను ఓర్చుకోను, పైకెక్కి బాగుచేస్తాను. అందుకని మావాడికి కాస్త పని చేతనైనట్టు చూపించండి. కోపం కూడా రానివ్వండి, నాకు రోజుకి రెండుసార్లయినా వస్తుంది, భోజనానికి ముందు ఎక్కువ. మా ఇంట్లో ఎవరూ మాట చివర "అయ్యా" అనరు. మా సూపరింటెండెంటును నేను "మీరు" అంటాను, ఆయనా నన్ను "మీరు" అంటాడు, అక్కడికి సరి. తప్పులుంటే మన్నించండి.

చదవడం అయిపోయిందా? ఇక ఇది నీకు. మొదటినుంచి చివరిదాకా చదివానన్నావు. పిన్ని సంగతి వదిలేసే ఉంటావులే. నీకు రాసుకున్నది అది. నీకా మాత్రం తెలియదా అని నాకు నేనే చెప్పుకున్నాను, అయినా రాస్తున్నాను.

ఆపరేటరు అప్పుడే తనకి ఎలాంటి బట్టలు వేస్తారని అడుగుతున్నాడు. ఏదో ఒకటి చెప్పు.

బాబాయి


జూన్ 6

బాబాయ్,

మూడు నెలలు కావస్తోంది నీకు రాసి. పని ఎక్కువని రాద్దామనుకున్నాను, అది అబద్ధం. మొహం చెల్లక రాయలేదు.

పిన్ని సంగతి చదివాను. వదిలెయ్యలేదు. ఆ క్షణాన నాకు తోచిందల్లా ఒక్కటే, ఇది వింటే ఎవరైనా మనల్ని మనుషుల్లా చూస్తారు అని. నీ ఉత్తరం కాదు, సాక్ష్యం అనుకున్నాను. నిన్ను అడగాలని కూడా తట్టలేదు.

ఏప్రిల్లో పేజీలు నా బల్ల మీదికి వచ్చాయి. రచయిత మాట నిలబెట్టుకున్నాడు. మనవాడి మాటలన్నీ నీవే. జేబులు లేవని ఏడుస్తాడు, నవ్వాలని. భోజనానికి ముందు కోపమొస్తుంది, అందరూ అతనికి రొట్టె ముక్క విసురుతారు, నవ్వాలని. పన్నెండో పేజీలో నాయకుణ్ణి భుజాన వేసుకుని మండుతున్న మేడ మీంచి దూకుతాడు. కిందకి దిగి పళ్ళికిలించి, "ఒక్క కుదుపు లేదు, అయ్యా! నేను చేయగలిగింది ఇదొక్కటే, అయ్యా!" అంటాడు. నాయకుడు నెత్తి నిమురుతాడు. పుస్తకం మొత్తమ్మీద అది నాలుగుసార్లు వస్తుంది.

మొదటి బుడగలో "అయ్యా" తీసేసి రాశాను. సంపాదకుడి నీలం పెన్సిలు గీతతో వెనక్కొచ్చింది. రెండోసారి మొత్తం మాటలే తీసేసి బుడగ ఖాళీగా వదిలాను. సంపాదకుడు పిలిచి, "నీ ఇష్టప్రకారమేగా మార్చాం, మీ బాబాయి మాటలే కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. ఎగతాళికి కాదు బాబాయ్, అతనికి నిజంగా అర్థం కాలేదు. నీకు గౌరవం చేశామనే అనుకుంటున్నాడు. వెళ్ళి రాశాను. నాలుగుసార్లూ నేనే రాశాను.

మా రంగులు వేసేవాడు మంటలవాడి దేశంవాడు. ఈ నాలుగేళ్ళలో అతను గొంతు పెంచడం నేను వినలేదు. ఏడుస్తున్నానని టీ తెచ్చిపెట్టాడు. పక్కన కూర్చుని, "మొదటి మీటింగులో మావాణ్ణి చూసి నువ్వూ నవ్వావు" అన్నాడు. తిట్టినట్టు కాదు, ఊరికే అన్నాడు. ఆ టీ నేను తాగలేకపోయాను.

నీ రెండో ఉత్తరం వాళ్ళకి చూపించలేదు. పుస్తకం అచ్చయిపోయింది. అది నీ దాకా వస్తే చదివించుకోకు బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ కందిరీగ


జూన్ 11

చిరంజీవి కందిరీగకు,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఒంట్లో బాగుందా? ముందు అది రాయి.

పుస్తకం వచ్చింది. హెడ్డు నర్సుగారి చెల్లెలు అక్కణ్ణుంచి వస్తూ తెచ్చింది. రెండో అంతస్తు నర్సుల గదిలో మధ్యాహ్నం అందరం చేరాం. ఆపరేటరు తల దువ్వుకుని మరీ వచ్చాడు. హెడ్డు నర్సుగారు ఒక్కో బుడగ చదివి మన భాషలో చెబుతున్నారు. మంటలవాడి దగ్గర అందరం నవ్వాం, నేనూ నవ్వాను. తర్వాత మనవాడు వచ్చాడు. ముక్కు చూసి, నువ్వే నువ్వే అని నా వీపు చరిచారు. సిస్టర్ కొన్ని బుడగలు దాటేస్తున్నారని నాకు అర్థమైంది. ఆపరేటరుకి అర్థం కాలేదు, ఈ బుడగలో ఏముంది, ఆ బుడగలో ఏముంది అని వేలు పెట్టి చూపించి మరీ అడుగుతాడు. పన్నెండో పేజీలో ఆవిడ సగం చదివి ఆగిపోయారు. పిన్ని పోయిన రోజు డ్యూటీలో ఉన్నది ఆవిడే. నేను మెషిన్ గదిలోకి ఎందుకెక్కానో ఆవిడకి అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలిసింది.

చదవండి సిస్టర్ అన్నాను. చదివారు.

ఎవరూ నా మొహంలోకి చూడలేదు. ఆపరేటరే, "నేను లేనేమిటి ఇందులో?" అని దెబ్బలాటకి దిగి నన్ను గట్టెక్కించాడు.

ఆ రోజు నుంచి లిఫ్టు దిగేవాళ్ళు కొందరు "ఒక్క కుదుపు లేదు, అయ్యా" అంటున్నారు. ప్రేమగానే అంటున్నారు. పుస్తకంలో పడ్డవాడినని గొప్ప వాళ్ళకి. వాళ్ళకి తెలియదు. నేనేమని చెప్పను? చెప్పాలంటే మళ్ళీ ఆ రోజంతా చెప్పాలి.

కోపంగా ఉందో లేదో నాకే తెలియడం లేదు. తల మాత్రం కొట్టేసినట్టుగా ఉంది. నా ఉత్తరాలు నీ దగ్గర నాలుగేళ్ళవి ఉంటాయి. అన్నీ తిరిగి పంపించు.

బాబాయి


జూలై 1

బాబాయ్,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడినట్టున్నాయి. నాది ఈపాటికి చేరి ఉంటుంది.

ముప్ఫై ఒక్క ఉత్తరాలు ఈ పొట్లంలో పంపుతున్నాను. ఫిబ్రవరి 21వ తేదీది లేదు. అది సంపాదకుడి గదిలో గోడ మీద ఉంది, అద్దం బిగించి. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. అడిగాను. పుస్తకానికి ఆధారమైన కాగితాలు కంపెనీవట, నేను చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఆ ముక్క ఉందట. చూపించాడు, ఉంది. మళ్ళీ అడిగాను. బతిమాలాను. "ఇంత అపురూపంగా దాచుకున్నాం కదా" అన్నాడు. రంగులవాడు కూడా నా తరఫున అడిగాడు. అతను గట్టిగా అడిగితే, కోపిష్టివాడు కదా అని నవ్వి ఊరుకున్నారు.

భోజనాల వేళ ఆ గది ఖాళీగా ఉంటే గోడ ముందు నిలబడి మొత్తం కాపీ చేశాను. అదే ఇందులో పెట్టాను. నీ కొట్టివేతలు కూడా ఉన్నవి ఉన్నట్టే దించాను.

ఉద్యోగం వదిలేశానని రాయాలని ఉంది. వదల్లేదు. ఉద్యోగం పోతే నెల లోపు ఈ దేశం వదలాలి, వేరే చోటు ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాను. బరువులవాణ్ణి జనం తెగ మెచ్చుకుంటున్నారట. రెండో పుస్తకానికి పేజీలు వస్తున్నాయి. "మీ బాబాయి ఏమైనా రాశారా?" అని రచయిత వారానికోసారి అడుగుతాడు. లేదంటున్నాను.

నన్ను తిట్టు బాబాయ్. తిట్టకుండా ఉండకు. నువ్వు ఏం రాసినా అది నా సంచీ దాటదు, ఒట్టు. నా ఒట్టు నమ్మమని అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

కందిరీగ


జూలై 24

చిరంజీవి అమ్మాయికి,

పొట్లం అందింది. తడవకుండా బాగా చుట్టావు. నీ జూన్ ఉత్తరం కూడా వచ్చింది.

తిట్టాలని రెండుసార్లు కూర్చున్నాను. ఏం రాసినా, ఇది అక్కడ ఎలా వినిపిస్తుందో అనిపిస్తోంది. నీ మీద అనుమానం కాదు. నువ్వు ఒట్టు పెట్టావు, నమ్మాను. అయినా కలం ముందుకి పోవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి రెండు రోజులు పట్టింది.

ఆదివారం సెలవు పెట్టుకుని ఉత్తరాలన్నీ తేదీల వారీగా పేర్చి చదివాను. నీ చేత్తో దించినది చివర చదివాను. నీ చేతిరాత అచ్చులా ఉంది, నా గిలుకుడు కంటే బాగుంది. ఎక్కడా తప్పు పోలేదు. నేను రాసినవే, ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

జేబుల సంగతి చదివాను. స్పానరు పెట్టుకోవడానికి జేబు కావాలి కదా, ఉన్నమాటే రాశాను. పంతులమ్మ సంగతి చదివాను. పిన్ని సంగతి చదివాను, దాన్ని మూడుసార్లు చదివాను. హెడ్డు నర్సుగారిని కూడా చదవమన్నాను. ఆవిడకీ దొరకలేదు.

నువ్వు ఆ మీటింగు గదిలో ఉన్నావు, నీకు తెలిసి ఉంటుంది. తీరిక చూసుకుని ఒక్కటి రాయి, చాలు. ఆ ఉత్తరంలో వాళ్ళు నవ్విందేమిటమ్మా?

బాబాయి